కుళాయి నీళ్ళూ, మా తోడికోడలి ఎడమ చెయ్యీ

మా తోడికోడలు పోయింది. అమ్మను చూసి వద్దామని కొడలలో మా పుట్టింటికి వెళ్ళిన రోజునే, మధ్యాహ్నం భోజనాల వేళ బావగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ అక్క ఎల్లిపోయింది. నిద్దట్లోనే. ఏ బాధా పళ్ళేదు," అన్నారు. కంచం ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఒక పెద్ద ఊపిరి వదిలాను. ఏడుపు తర్వాత వచ్చింది, బరంపురం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక. ముందు వచ్చింది మాత్రం ఆ ఊపిరే. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. మెడలో గొట్టం లేకుండా, ఆసుపత్రిలో కాకుండా, బరంపురం లంజిపల్లిలో మా ఇంట్లో, తన మంచం మీద పోవాలని ఆమె చాలాసార్లు అంది. అలాగే పోయింది. మనిషి పోయిన దుఃఖం పక్కనే, ఆమె కోరినట్టు జరిగిందన్న నిశ్చింత కూడా నాలో ఉంది. ఈ నాలుగు మాటలూ ఆ నిశ్చింతతోనే రాస్తున్నాను.

ఆమె మా బావగారి భార్య. వరసకి తోడికోడలు, పిలుపుకి అక్క. అస్కా దగ్గర చెరకు తోటల మధ్య పుట్టిన మనిషి. నేను కాపురానికి వచ్చేసరికే ఆ ఇంటికి పాతకాపు. మాది పప్పుల టోకు వ్యాపారం, ఇంట్లో ఎక్కడ చూసినా కందిపప్పు బస్తాలు, మినప్పప్పు డబ్బాలు. వంటింట్లో నా మొదటి రోజున పప్పు మాడిపోయింది. నేను గిన్నె పట్టుకుని బిక్కచచ్చి నిలబడితే అక్క వచ్చి మూత తీసి చూసి, "పప్పు కొట్టోళ్ళ ఇంట్లో పప్పు మాడితే ఏటే? మల్లీ ఎట్టుకుందుం. సీర కాలనేదు కదా, అది సాలు," అంది. ఆ ఇంట్లో నా బెరుకు అక్కడితో పోయింది.

ఖాళీగా కూర్చోవడం ఆమెకి చేతకాదు. కొట్లోంచి వచ్చే నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, ఇంటికి రంగులేసినప్పుడు మిగిలిన డబ్బాలు, ఏదీ బయట పారేయనిచ్చేది కాదు. అడుగున చిల్లులు కొట్టి, మట్టి నింపి, ఏదో ఒకటి నాటేది. పెరట్లో మల్లె పాదు, కనకాంబరాలు, మరువం, కరివేపాకు, వాటి మధ్య తులసి. నేను ఉత్సాహం కొద్దీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పోసేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేది. "మొక్కని రోజూ సూడాల. రోజూ పొయ్యక్కర్నేదు. నీకు ఆకలి నేకపోతే నాను కూడెడతానా?" అనేది. ఆమె మొక్క మొదట్లో వేలు పెట్టి మట్టి చూసి మరీ పోసేది. వంటలో ఉప్పు చూసినంత శ్రద్ధగా చూసేది.

ఆ తర్వాత ఆమె కిడ్నీలు పాడయ్యాయి. మొదట్లో మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలిసిస్ చేశారు. ఆ గొట్టంతో ఆమె పడిన యాతన నేను కళ్ళారా చూశాను. తల తిప్పలేదు, పడుకోలేదు, స్నానం లేదు, జ్వరమొస్తే ఇంటిల్లిపాదికీ గుండె దడ. అందుకని ఎడమ మోచేతి దగ్గర రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. దాన్ని ఫిస్ట్యులా అంటారు. అది పాకానికొచ్చాక మెడలో గొట్టం తీసేసి, ఆ చేతికే సూదులు గుచ్చి సోమవారం, గురువారం డయాలిసిస్ చేసేవారు. ఆ చెయ్యి మీద చెయ్యి పెడితే లోపల తుమ్మెద ఉన్నట్టు జుయ్యిమనేది. ఆ చప్పుడు ఉన్నంతకాలం దారి తెరిచి ఉన్నట్టు. ఆగిపోతే మళ్ళీ మెడకి గొట్టం. అందుకే ఆ చేతికి బోలెడు కట్టుబాట్లు. అన్నిటికన్నా పెద్దది, ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. పొద్దున కాఫీ కలిపి ఇచ్చాక నేను ఆ చేతికి చెవి ఆనించి వినేదాన్ని. "ఏటి, రేడియో పలుకుతుందా?" అని అడిగేది అక్క. పలుకుతోంది అంటే అప్పుడు కాఫీ తాగేది. తాగడం అంటే నాలుగు గుక్కలు. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి రోజుకి ఇన్ని నీళ్ళే అని లెక్క కదా, దాహమేస్తే చిన్న ఐసుముక్క చప్పరించేది.

ఈ కథలోకి కుళాయి నీళ్ళు వచ్చింది డయాలిసిస్ సెంటర్లోనే. అక్కడ మిషన్లు చూసుకునే ఒక ఒడియా ఆవిడ ఉండేది. మాకన్నా చిన్నదే, అయినా అందరం దీదీ అనేవాళ్ళం. ఒకరోజు గోడ వెనక పెద్ద పెద్ద ట్యాంకులు చూసి అక్క అవేమిటని అడిగింది. దీదీ ఓపిగ్గా చెప్పింది. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ఆ నీళ్ళు తాగితే కడుపు దాని సంగతి చూసుకుంటుంది, ఏమీ కాదు. ఇక్కడ మిషన్లో నీళ్ళకీ రక్తానికీ మధ్య పల్చటి పొర ఒక్కటే అడ్డు. క్లోరిన్ మిగిలిపోతే రక్తం పాడవుతుంది. అందుకే నీళ్ళని బొగ్గు ట్యాంకులోంచి పంపి క్లోరిన్ అంతా తీసేస్తాం, పొద్దున్నే మందు చుక్క వేసి చూసి గానీ మిషన్ మొదలెట్టం అంది. అక్క అంతా విని తల ఊపింది. ఆ తల ఊపడం చూసి ఏదో రాబోతోందని నాకు అనుమానం వచ్చింది.

మర్నాటి పొద్దున పెరడంతా నీళ్ళే. బేసిన్లు, టబ్బులు, పెళ్ళిళ్ళకి తీసే గంగాళం, మినప్పప్పు పోసుకునే డబ్బాలు, అన్నిటా కుళాయి నీళ్ళు నింపి వరసగా ఎండలో పెట్టింది. ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే ఆ క్లోరిన్ ఎగిరిపోతుందని ఎవరో చెప్పారట. బావగారు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి ఒక బకెట్టయినా దొరుకుతుందా అని వెతుక్కుంటున్నారు.

"ఆ నీలి బకెట్టు ముట్టుకోకండి, అది కరేపాకుది," అంది అక్క.

"మరి నాది ఏది?"

"మీకు కుళాయి కింద కూకుంటే అయిపోద్ది. మీకేటి యేర్లున్నాయా?"

నవ్వుకున్నాం. వారం పోయాక నవ్వు పోయింది. ఎందుకంటే అంతవరకు కుళాయికి పైపు తగిలించి మొక్కలకి నీళ్ళు పట్టిన అక్క, ఇప్పుడా పైపు తీసి అటక మీద పడేసింది. ఇక టబ్బుల్లోంచి బకెట్లోకి, బకెట్లోంచి మొక్కకి, అంతా చేత్తో మొయ్యాలి. నేను వంటింట్లో ఉన్నంతసేపు చాటుగా మోసేది. నేను బయటికొస్తే బకెట్టు కింద పెట్టి మరువం ఆకులు గిల్లుతున్నట్టు నటించేది. నేను మోస్తానంటే ఒప్పుకునేది కాదు. నువ్వు ఒకే చోట కుమ్మరించేస్తావు, మట్టి కొట్టుకుపోద్ది అనేది. అందులో కొంత నిజముంది కూడా.

ఒకరోజు నిలదీశాను. "అక్కా, ఆ సేత్తో బకెట్టు ఎత్తకు. సెయ్యి పోతే మల్లీ మెడకే ఎడతారు. మొక్కలకి కుళాయి నీళ్ళు ఊరంతా పోస్తున్నారు. ఎవరి మొక్క సచ్చిపోనాది?"

ఆమె మెట్టు మీద కూర్చుంది. "నా రగతానికి పడనిది ఆటి యేర్లకి ఎలా పడద్దే? నాకు మిషనుంది. ఆటికేటుంది?" అంది. మొక్కల వైపు చూస్తూ, "నాను తాగలేను. ఆటి వంతైనా మంచి నీళ్ళు తాగనీ," అంది.

రోజంతా దాహంతో ఉండే మనిషి మొక్కల దాహం గురించి అంతలా ఆలోచిస్తుంటే ఏమని వాదిస్తాను? బకెట్టు నేనే అందుకుని, ఆమె చెప్పినట్టే నెమ్మదిగా, కొంచెం కొంచెంగా పోశాను. ఆమె పక్కన నిలబడి పోయించింది.

అలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చాం. ఏప్రిల్ నడిమిలో పణా సంక్రాంతి, ఒడియా వాళ్ళ ఉగాది, వచ్చింది. మా వైపు ఆ రోజున తులసి మీద ఠేకి కడతారు. అంటే అడుగున సన్నటి చిల్లు ఉన్న చిన్న మట్టి కుండ. దాన్ని తులసికి పైన వేలాడదీసి నీళ్ళు పోస్తే వైశాఖమంతా తులసి మీద చుక్క చుక్కగా పడుతూ ఉంటుంది. ఒడియా వాళ్ళ అలవాటే, పక్కపక్కన బతికి బతికి మాదీ అయింది. ఒక్కటే నియమం, ఆ నెలంతా కుండ ఎండిపోకూడదు. అక్క పుట్టింట్లో ఆ పని ఆమెదేనట. మా ఇంట్లోనూ ఇంకొకరికి ఇచ్చేది కాదు.

కుండ తలకన్నా ఎత్తున ఉంటుంది. బిందెతో రెండు చేతులూ పైకెత్తి పోస్తే తప్ప నిండదు. ఆ పైన నిలవ నీళ్ళే కావాలి. ఒకరోజు పొద్దున కాఫీ ఇచ్చి ఎడమ చేతికి చెవి ఆనించాను. రోజూ వినే జుయ్యిమనే చప్పుడు ఎక్కడో దూరంగా, ఉందో లేదో తెలియనట్టు వినిపించింది. చెయ్యి మోచేతి దాకా ఉబ్బి ఉంది. అక్క నా మొహం చూసింది. ఈసారి రేడియో సంగతి అడగలేదు. "ఠేకి నింపినాను," అంది మెల్లగా. కాఫీ అలాగే చల్లారిపోయింది.

ఆటోలో సెంటర్‌కి వెళుతుంటే ఆమె కుడిచేత్తో మెడ తడుముకుంటోంది, పాత గొట్టం మచ్చ దగ్గర. ఆమెకి ధైర్యం చెప్పాల్సిన బావగారు ముందు సీట్లో కూర్చుని తొందరగా పోనిమ్మని ఆటోవాణ్ణి పదే పదే కసురుతున్నారు. డాక్టరు చేతి మీద చిన్న మిషన్ పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారనిపించింది. ఆ తర్వాత మిషన్ చప్పుడు పెంచారు. గదంతా హోరుమని వినిపించింది, అస్కా వైపు కాలవకి నీళ్ళు వదిలినట్టు. దారి మూసుకుపోలేదు, చెయ్యి అలిసింది, అంతే అన్నారు. ఇంకోసారి బరువెత్తితే మాత్రం నేను చెప్పలేను అని కూడా అన్నారు. బావగారు బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను నవ్వుతూ ఏడ్చాను. అంత హాయిగా నా జన్మలో ఎప్పుడూ ఏడవలేదు.

దీదీ వచ్చి విషయం అడిగింది. నేను టబ్బుల కథంతా చెప్పేశాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "మాఉసీ, గఛకు బి డయాలిసిస్ కరుఛంతి కి?" అంది. పిన్నీ, మొక్కలకి కూడా డయాలిసిస్ చేస్తున్నావా అని. అందరూ నవ్వారు, అక్క తప్ప. అక్క చాలా గంభీరంగా, క్లోరిన్ చెడ్డదని చెప్పింది నువ్వే కదా అంది. దీదీ నవ్వు ఆపి ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ మర్యాదని నేనెప్పుడూ మరిచిపోను. "సరే, మాటలెందుకు? వచ్చేటప్పుడు రెండు సీసాలు పట్టుకురండి. ఒకదాన్లో మీ కుళాయి నీళ్ళు. ఇంకోదాన్లో అవే నీళ్ళు మొక్కకి పోశాక డబ్బా అడుగు చిల్లులోంచి కారినవి," అంది.

గురువారం పొద్దున రెండు సీసాలు తీసుకెళ్ళాం. కుళాయి విప్పగానే పట్టిన నీళ్ళు ఒకటి. వాటినే కనకాంబరం డబ్బాలో పోస్తే అడుగునుంచి కారిన నీళ్ళు ఒకటి, కొంచెం మట్టిరంగులో. దీదీ రెండు చిన్న గాజు గొట్టాల్లో పోసి, పొద్దున్నే తన ట్యాంకు నీళ్ళకి వేసి చూసే మందే వాటిలోనూ వేసింది. కుళాయి నీళ్ళు గులాబి రంగుకి తిరిగాయి. మట్టిలోంచి కారినవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. గులాబి ఛాయ కూడా లేదు.

అక్క ఆ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. ఇంకోసారి చూసింది. "పోసిన ఎంటనే కారిన నీళ్ళే ఇవి. రోజంతా ఉంచనేదు," అంది తనలో తను.

దీదీ చెప్పింది, కుళాయి నీళ్ళలో ఉండే ఆ కాస్త క్లోరిన్ని మట్టే పట్టేసుకుంటుందనీ, ఆకూ పేడా కుళ్ళిన మంచి మట్టయితే ఇంకా తొందరగా పట్టేస్తుందనీ. వేరుకి చేరేటప్పటికి మిగిలేది ఏమీ ఉండదట. ఎప్పుడైనా ముక్కు మూసుకునేంత బ్లీచింగ్ వాసన వస్తే ఆ రోజుకి ఒక బకెట్టు పట్టి ఉంచు, మిగతా రోజులన్నీ పైపుతో కొట్టు అంది. చివర్న, "ఠేకిలో పోసిన నీళ్ళు రోజంతా గాలి తగులుతూ కారతాయి కదా మాఉసీ. వాటిని ముందు రోజు నిలవ పెట్టి పోయడం దేనికి?" అని అడిగింది.

అక్క మొహంలో ముడులన్నీ ఒక్కొక్కటే విడిపోవడం నేను చూశాను. సూదులు గుచ్చించుకుంటూ కూడా నవ్వుతోంది. "ఓలే, మట్టికీ కడుపుందే," అంది నాతో. ఆ మాట ఇల్లు చేరేదాకా కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. ఆటోవాడికి ఒడియాలో చెప్పింది. బావగారికి రెండుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రమే పైపు అటక దిగింది. పాత పైపు ఠేకికి పనికిరాదని కొత్తది ఒకటి తెప్పించి, దానికి పసుపు రాసి, మూతి దగ్గర కుంకుమ బొట్టు పెట్టింది. పైపుకి బొట్టేమిటని నేను ఆటపట్టిస్తే, "నా మెడ కాపాడింది. నీకు బొట్టెట్టినోళ్ళం, దానికెట్టలేమా?" అంది. పైపు మూతిని కర్రకి కట్టి ఠేకి మీదికి ఎత్తి పెట్టాం. నేను కుళాయి తిప్పేదాన్ని, ఆమె కింద నిలబడి చాలనేది. ఆ నెలంతా కుండ ఎండలేదు. చెయ్యి మళ్ళీ వాచలేదు.

గంగాళం అటకెక్కింది, బావగారి బకెట్టు బావగారికి దక్కింది. అక్క పెరట్లో స్టూలు వేసుకుని, ఎడమ చెయ్యి ఒళ్ళో దిండు మీద పెట్టుకుని, కుడిచేత్తో పైపు పట్టుకునేది. బొటనవేలితో మూతి నొక్కి నీళ్ళని ఎంత దూరమైనా పంపేది. కూర్చున్న చోటు నుంచే మల్లెపాదుకీ, గోడవారనున్న కరివేపాకుకీ అందించేది. నేను దగ్గరికి వస్తే నా కాళ్ళ మీద కూడా. వానాకాలంలో ఎప్పుడైనా కుళాయి గుప్పున వాసనేస్తే ఆ రోజు మాత్రం ఒక బకెట్టు పట్టి, కొత్తగా మొలిచిన నారు కోసం ఉంచమనేది. అదీ నా చేతే పెట్టించేది. ఆమెకి పట్టుదల ఎక్కువ. కానీ తప్పని కళ్ళతో చూశాక దాన్ని వదిలెయ్యడంలో ఆమెకున్నంత తేలిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు. నేనయితే ఇంకో వారం బింకంగా ఉండేదాన్ని.

చివరి రోజుల్లో గుండె బలహీనపడింది. పెరట్లోకి నడవలేక వరండాలో మంచం వేయించుకుంది. అక్కడి నుంచే నాకు చెప్పి పోయించేది. దాహం గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కసారి, మల్లెపాదులో నీళ్ళు ఇంకుతుంటే చూస్తూ, "సూత్తే సగం తీరిపోద్దే," అంది. ఏది తీరుతుందో నేను అడగలేదు.

నేను కొడల నుంచి చేరేసరికి వీధి వాకిట్లో జనం ఉన్నారు. ఆడవాళ్ళు పెరట్లో స్నానానికి ఏర్పాట్లు చేస్తున్నారు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన బావగారి మేనత్త కుళాయికి ఉన్న పైపు చూసి, "ఆకరి స్నానం మందు నీళ్ళతోటా? ఎవులైనా ఎల్లి బోరింగు నీళ్ళు తెండి," అంది. గుమ్మంలో కూర్చున్న బావగారు తలెత్తారు. "ఒద్దత్తా. కుళాయి నీళ్ళు సాలు. దానికి అవే ఇష్టం," అన్నారు. నేను కుళాయి తిప్పాను. ఆ రోజు నీళ్ళు బాగా వాసనేస్తున్నాయి. అక్క ఒంటి మీద నుంచి జారి, పెరటి వాలులో పారి, మల్లెపాదులోకి వెళ్ళి ఇంకిపోయాయి. ఎవరూ వాటిని ఆపలేదు.

ఒళ్ళు తుడిచి పసుపు రాస్తున్నారు. మేనత్త అక్క ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తింది.

"అత్తా, ఆ సెయ్యి గట్టిగా పట్టుకోకండి," అన్నాను.

అందరూ ఆగి నావైపు చూశారు. నేను ఏమన్నానో నాకు అప్పుడు తెలిసింది. మేనత్త నన్ను కసరలేదు. చేతిని ఇంకా మెల్లగా తన ఒళ్ళో పెట్టుకుని, "ఇంక దీనికి బయం నేదమ్మా," అంది.

ఆ చెయ్యి కుట్టించుకున్న నాటి నుంచీ అక్క దానికి గాజు వేసుకోలేదు, ఒత్తిడి తగలకూడదని. పెళ్ళిళ్ళలో ఒక చేతికి గాజులతో, ఒక చేతికి కొంగు కప్పుకుని కూర్చునేది. మేనత్త ఆకుపచ్చ గాజులు తీసి, కుడిచేతికి ఎన్ని వేసిందో ఎడమచేతికీ అన్నే వేసింది. సూది మచ్చల కిందుగా అవి సర్దుకున్నాయి. మగవాళ్ళు వచ్చి ఎత్తినప్పుడు ఎడమ చెయ్యి కొంచెం పక్కకి జారింది. గాజులు గలగలమన్నాయి. ఆ చేతి గాజుల చప్పుడు నేను విని ఎన్నేళ్ళయిందో.